కొబ్బరి చెట్లు పడిన ఖాళీలో నోవా: బరంపురం పెరటి నుంచి నా అనుభవం

మా పెరట్లో దక్షిణం వైపు మూడు కొబ్బరి చెట్లుండేవి. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను వాటిలో రెండింటిని కూల్చేసింది. అమ్మ నెలరోజులు బాధపడింది. నేనూ బాధపడ్డాను గాని, ఆ చెట్ల స్థానంలో తెరుచుకున్న ఆకాశాన్ని చూసి లోలోపల సంతోషించిన మాట దాచను. దక్షిణానికి తిరిగి నిలబడితే ఎడమ పక్క వదినగారి ఇంటి నీళ్ళ ట్యాంకు, కుడి పక్క మిగిలిన ఒక్క చెట్టు. ఆ రెండింటి మధ్య ఉన్నదే నా దక్షిణాకాశం. ఏ నక్షత్రమైనా ట్యాంకు వెనక నుంచి బయటపడి చెట్టు ఆకుల్లోకి దూరడానికి గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. ఉన్నట్టుండి పేలి కొత్తగా వెలిగే నక్షత్రాన్ని నోవా అంటారు. అలాంటి ఒక నోవా కథంతా ఆ గంటా ఇరవై నిమిషాల్లో జరిగింది.

నేను పట్టుచీరల దుకాణంలో లెక్కలు రాస్తాను. ఖగోళశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. 2024 ఆరంభంలో ఉత్తర కిరీటంలోని ఒక నక్షత్రం మళ్ళీ పేలబోతోందని విన్నాను. 1866లోనూ 1946లోనూ పేలింది కాబట్టి ఇప్పుడు దాని వంతు వచ్చిందన్నారు. ఎలాగైనా దాని వర్ణపటం, అంటే వెలుగు రంగులుగా విడిపోయి పరుచుకున్న పట్టీ, తీయాలన్న పట్టుదలతో గ్రేటింగ్ తెప్పించాను. మిల్లీమీటరుకు వంద గీతలున్న చిన్న గాజు బిళ్ళ అది. ఉంగరంలాంటి చట్రంలో బిగించి ఉంటుంది, కెమెరా మూతి దగ్గర మర తిప్పి పెట్టుకోవాలి. బిళ్ళకు 15,800, సుంకాలూ కొరియరూ కలిపి ఇంకో 4,900. దారిలో 23 రోజులు ఆగిపోయింది. ఇది ఏ పనికి వాడతారో రాసి పంపమన్నారు. "నక్షత్రాల వెలుగును విడదీయడానికి" అని రాశాను. అది చదివినవారు ఏమనుకున్నారో గాని పొట్లం మాత్రం నాలుగు రోజుల్లో ఇంటికి వచ్చింది.

ఆ నక్షత్రం పేలలేదు. నా గ్రేటింగ్ పద్నాలుగు నెలలు బియ్యం డబ్బాలో కూర్చుంది. నవ్వకండి. సముద్రపు గాలికి మా ఊళ్ళో కటకాల మీద బూజు పడుతుంది. నా పాత బైనాక్యులర్సు ఒకటి అలాగే పాడైంది. గాలి చొరబడని డబ్బాలో వేయించి ఆరబెట్టిన బియ్యం పోసి, పైన గ్రేటింగ్ పొట్లం పెడితే తేమ పట్టదు. ప్రతి రెండు నెలలకూ బియ్యం మార్చాలి. పాతవి అమ్మ ఇడ్లీకి నానబోసేది.

2025 జూన్ 12న ఆకాశాన్ని రోజూ గాలించే యాసాస్-ఎస్ఎన్ కెమెరాలకు తోడేలు రాశిలో 8.7 ప్రకాశమానంతో (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) ఒక కొత్త చుక్క దొరికింది. నాకు ఆ వార్త 15వ తేదీ ఆదివారం తెలిసింది. రజ పండుగ రోజులవి. వీధిలో పిల్లలు ఉయ్యాలలూగుతున్నారు, ఎవరో పంపిన పోడపిఠా తింటూ ఫోను చూస్తున్నాను. బెంగళూరులో ఉండే ఒక మిత్రుడు, ఈ పనిలో నాకు గురువులాంటివాడు, రెండే ముక్కలు పంపాడు: "తోడేలు. కొబ్బరి చెట్టు." నా పెరటి పటం అతనికి కంఠస్థం.

లెక్కవేసి చూశాను. నోవా ఉన్నది ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 40 డిగ్రీల దగ్గర. మా ఊరు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం. అంటే అది దక్షిణాన అన్నిటికన్నా పైకి వచ్చినప్పుడు కూడా 30 డిగ్రీల ఎత్తే. ఐరోపాలో చాలామందికి అసలు దిగంతం దాటి పైకి రాదు. ఆ మాటకు కొంచెం గర్వం కలిగింది. జూన్ మూడో వారంలో అది సరిగ్గా దక్షిణాన ఉండేది రాత్రి తొమ్మిదింటికి, అంటే నా ఖాళీకి నడుమ. అన్నీ కలిసొచ్చాయి, ఋతుపవనాలు తప్ప.

16 నుంచి 19 వరకు మబ్బూ వానా. రోజూ దుకాణం నుంచి ఏడున్నరకు రావడం, పెరట్లోకి వెళ్ళి తల ఎత్తడం, దించుకుని లోపలికి రావడం. ఈ ఎదురుచూపుల గురించి ఎవరూ చెప్పరు. నోవా అంటే రోజురోజుకూ మారిపోయేది. ఒక్కో మబ్బు రాత్రి ఒక్కో పేజీ చింపి పారేసినట్టుంటుంది. అది ప్రకాశిస్తూ పోతోందని వేరే ఊళ్ళవాళ్ళు రాస్తుంటే చదివి ఓర్వలేకపోయాను.

20వ తేదీ శుక్రవారం ఎనిమిదిన్నరకు మబ్బులు విడిపోయాయి. అప్పటికి అది దాదాపు శిఖరానికి చేరి 5.5 దగ్గర ఉంది. వట్టి కంటికి కనిపించే వెలుగే అంటారు, బరంపురంలో మాత్రం ఆ ఆశ పెట్టుకోకూడదు. 10x50 బైనాక్యులర్సులో తోడేలులోని డెల్టా నక్షత్రాన్ని పట్టుకుని, పడమటికి రెండున్నర డిగ్రీలు జరిగి, పటంతో పోల్చుకున్నాను. పటంలో లేని చుక్క ఒకటి ఉంది. అంతే. రంగూ లేదు, మెరుపూ లేదు. పక్కన ఉన్న చుక్కలకూ దానికీ తేడా తెలియదు. అయినా చేతులు వణికాయి. అమ్మను పిలిచి చూపించాను. "ఏది? ఇన్నిట్లో ఏది కొత్తది?" అని అడిగింది. సరైన ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికే గ్రేటింగ్ కావాలి.

ఆ రాత్రి వర్ణపటం దక్కలేదు, తప్పు నాదే. టెలిస్కోపును మోసి తిప్పే మౌంటును నక్షత్రాల వెంట సరిగా తిరిగేలా చేయాలంటే దాని ఇరుసు ధ్రువనక్షత్రం వైపు ఉండాలి. మా అక్షాంశంలో ధ్రువుడు దిగంతానికి 19 డిగ్రీల పైనే ఉంటాడు. ఉత్తరం వైపు మా ఇల్లే అడ్డం. పుస్తకాలు రాసేవాళ్ళు "ధ్రువనక్షత్రాన్ని కంటికటకంలో పెట్టుకోండి" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. నా ధ్రువుడు వంటగది గోడ వెనక ఉన్నాడు. గోడను తిట్టుకుంటూ అరగంట గడిపేసరికి నోవా చెట్టులోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పగలే పని పూర్తిచేశాను. అదృష్టం ఏమిటంటే మా ప్రాంతంలో దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే. ట్రైపాడ్ కాళ్ళ కింద మూడు గచ్చు రాళ్ళు పాతి, దిక్సూచితో గీత గీసి, ఇరుసును కోణమానినితో 19.3 డిగ్రీలకు లేపాను. ధ్రువుణ్ణి చూడకుండా కుదిర్చిన మౌంటు ఇది. పదిహేను సెకన్ల ఫొటోలకు ఇది చాలు. అంతకుమించి తీస్తే చుక్కలు సాగిపోతాయి.

మిగతా సరంజామా: 80 మిల్లీమీటర్ల వక్రీభవన టెలిస్కోపు, నాభ్యంతరం 400 మిల్లీమీటర్లు, ఒకరు వాడి అమ్మినది, 14,000. నలుపు తెలుపు కెమెరా, అదీ పాతదే, 12,500. రంగుల కెమెరా ఎందుకు కొనలేదని అందరూ అడుగుతారు. రంగు ఏదన్నది గ్రేటింగే చెబుతుంది, ఒక్కో రంగు ఒక్కో చోట పడుతుంది కాబట్టి. కెమెరా ఆ చోటును గుర్తుపడితే చాలు. గ్రేటింగును సెన్సరుకు 40 మిల్లీమీటర్ల ముందు బిగించాను. దానితో ఒక పిక్సెల్‌కు 9.4 ఆంగ్‌స్ట్రాములు (వెలుగు తరంగదైర్ఘ్యపు కొలత) పడింది. మౌంటు, ఇంకా చిల్లర తీగలు, ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నవే. మొత్తం లెక్క రాసే పుస్తకం అమ్మకు చూపించలేదు.

22వ తేదీ ఆదివారం. సాయంత్రం నుంచే ఆకాశం బాగుంది. ఏడుంబావుకు పక్కింటికి వెళ్ళి, మేడ మీద ఆ ఎల్ఈడీ దీపం కాసేపు ఆర్పమని అడిగాను.

"కాసేపంటే ఎంతసేపు?" అంది వదిన.

"ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర వరకు. కొత్త నక్షత్రం వచ్చింది వదినా."

"వస్తే వచ్చింది గాని, దొంగలొస్తే పూచీ నీదే మరి."

దీపం ఆర్పింది. తరువాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఆ దీపం గురించి నేను పడిన భయంలో సగం అనవసరం. సన్నని చీలిక లేకుండా వట్టి గ్రేటింగుతో తీసేటప్పుడు ఊరి వెలుగు గీతలుగా పడదు, ఫొటో అంతా సమంగా బూడిదరంగు పొరలా పరుచుకుంటుంది. నక్షత్రపు పట్టీకి పైనా కిందా ఉన్న పొరను కొలిచి తీసేస్తే సరిపోతుంది. నేరుగా కటకంలో పడే దీపాన్ని అట్టముక్కతో అడ్డుకోవచ్చు. నగరంలో వర్ణపటం రాదని నాకు చాలామంది చెప్పారు. ఏడిపించింది వెలుగు కాదు, తేమ. పది నిమిషాలకోసారి కటకం మీద మంచు కమ్మేది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో వెచ్చని గాలి కొడుతూ, మధ్యమధ్య దోమలు కొట్టుకుంటూ పని చేశాను.

ముందు ఈశాన్యంలో అభిజిత్తు మీద తిప్పాను. దాని వర్ణపటంలో హైడ్రోజన్ చీకటి గీతలు స్పష్టంగా ఉంటాయి. వాటితో ఏ పిక్సెల్ ఏ తరంగదైర్ఘ్యమో కొలత కుదురుతుంది. ఇక్కడొక కిటుకు: చుక్కను కాదు, దాని పట్టీని ఫోకస్ చేయాలి. చుక్క సూదిమొనలా ఉన్నప్పుడు పట్టీలో గీతలు అలుక్కుపోతాయి. చుక్క కొద్దిగా ఉబ్బితేనే గీతలు పదునెక్కుతాయి. ఇది తెలియక మొదట ఇరవై నిమిషాలు పోగొట్టుకున్నాను.

తరువాత డెల్టా, అక్కడి నుంచి పడమటికి. నా కెమెరాలో కనిపించే ఆకాశం ముప్పావు డిగ్రీ కూడా లేదు, అందులో నోవా ఏదో తెలుసుకోవడం ఎలా అని భయపడ్డాను. భయపడాల్సిన పని లేకపోయింది. తెర మీద ఏడెనిమిది చుక్కలు, ఒక్కొక్కదాని పక్కన బూడిదరంగు పట్టీ. అన్ని పట్టీలూ నున్నగా, ఒకే తీరుగా ఉన్నాయి. ఒక్కదాని ఎర్ర కొసన మాత్రం దారానికి గుచ్చినట్టు తెల్లని పూస. అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు అదే. "ఇదే కొత్తది" అని పైకే అన్నాను, పక్కన ఎవరూ లేకపోయినా.

8:40 నుంచి 9:05 వరకు పదిహేను సెకన్ల ఫొటోలు 80 తీశాను. నడుమ కరెంటు పోయింది. మౌంటూ లాప్‌టాపూ మోటారు సైకిలు బ్యాటరీ మీద, సొంత బ్యాటరీ మీద నడుస్తున్నాయి కాబట్టి ఆగలేదు. వీధి దీపాలన్నీ ఆరిపోయి పన్నెండు నిమిషాలు బరంపురం పల్లెటూరైపోయింది. కరెంటు పోయిందని సంతోషించింది ఆ వీధిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఫొటోలు కలిపి, పట్టీని గీతపటంగా మార్చేసరికి రాత్రి ఒంటిగంట. పూస 698వ పిక్సెల్ దగ్గర, అంటే 6563 ఆంగ్‌స్ట్రాములు. హైడ్రోజన్ ఆల్ఫా అనే ఎర్ర గీత. పేలిన పొరలోని హైడ్రోజన్ వెలుగుతోంది. 4861 దగ్గర హైడ్రోజన్‌దే బీటా గీత, చిన్నది గాని ఉంది. ఇంకా దూరంగా 7605 దగ్గర లోతైన పల్లం. అది నోవాది కాదు, మన గాలిలోని ఆక్సిజన్ మింగేసిన వెలుగు. అది సరైన చోట పడిందంటే కొలత సరిగా ఉన్నట్టే. ఇంతవరకు కళ్ళు చెమర్చే ఆనందం.

ఆపైన పసుపు ప్రాంతంలో 5870 చుట్టుపక్కల ఇంకో పూస కనబడింది. హీలియం గీత 5876. నిద్ర పట్టలేదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో మకాం వేసి, వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల ప్రకాశగీతలు చూశాడు. ఆ గ్రహణంలో కనబడిన పసుపు గీతే తరువాత కొత్త మూలకంగా, హీలియంగా తేలింది. గుంటూరులో మొదలైన పసుపు గీత బరంపురంలో మా పెరట్లోకి వచ్చిందని, ఈ మాటను ఎక్కడ ఎలా రాయాలో కూడా ఆ రాత్రే ఊహించుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి మిత్రుడికి పటం పంపాను.

అతని జవాబు మధ్యాహ్నం వచ్చింది, దుకాణంలో బిల్లుల మధ్య. "ఆల్ఫా అద్భుతం. పసుపుది నమ్మను. కెమెరా తొంభై డిగ్రీలు తిప్పి మళ్ళీ తియ్యి." ఎందుకో రాయలేదు. కోపం వచ్చింది. అసూయ అనుకున్నాను, సిగ్గుపడుతూ చెబుతున్నాను.

మళ్ళీ తీయడానికి వారం పట్టింది. 23 నుంచి ఒకటే ముసురు. 27న రథయాత్ర, జగన్నాథుడి రథం కదిలితే చినుకు పడక తప్పదని అమ్మ నమ్మకం. పడింది. ఆ వారమంతా నేను హీలియం కోసం వాదనలు పోగుచేసుకుంటూ గడిపాను. ఇప్పుడు చూస్తే ఆ కాగితాల్లో ఒక్కటి కూడా ఫొటోను మళ్ళీ పరిశీలించి రాసింది కాదు.

29వ తేదీ ఆదివారం ఎనిమిదింటికి ఆకాశం మళ్ళీ తెరిపిచ్చింది. నక్షత్రాలు రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతాయి కాబట్టి నా గంటా ఇరవై నిమిషాలు కూడా ఏడుముప్పావుకే మొదలయ్యాయి. చీకటి పడీ పడకముందే పని మొదలుపెట్టాలి. కెమెరాకు బిగించిన గ్రేటింగును కదపకుండా, కెమెరా మొత్తాన్ని గొట్టంలో పావు వంతు తిప్పాను. పట్టీలు ఇప్పుడు ఆకాశంలో ఇంకో దిక్కుకు పరుచుకున్నాయి. ఆల్ఫా పూస తన పట్టీతో పాటే తిరిగి, మళ్ళీ అదే 698 దగ్గర కూర్చుంది. బీటా కూడా.

పసుపు పూస లేదు. ఆకాశంలో దాని పాత చోట, పట్టీకి దూరంగా, ఒక మామూలు చుక్క మిగిలింది. నోవాకు డిగ్రీలో మూడో వంతు దూరంలో ఉన్న ఏదో నక్షత్రం, దాని సొంత బొమ్మ సరిగ్గా నోవా పట్టీ మీద, సరిగ్గా పసుపు ఉండాల్సిన చోట పడిందన్నమాట. తోడేలు రాశి పాలపుంత అంచున ఉంది, అక్కడ చుక్కలకు కరువు లేదు. నా హీలియం పక్కింటి దీపంలాంటిది.

కాసేపు ట్రైపాడ్ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు గాని, గుంటూరు గురించి రాసుకున్న వాక్యాలు తలచుకుంటే ఒళ్ళు మండింది. లేచి ఇంకో 90 ఫొటోలు తీశాను. మిత్రుడికి ఫోను చేసి ఒప్పుకున్నాను. తన మొదటి నోవాలో తనూ సరిగ్గా ఇదే చేశానని చెప్పి నవ్వాడు. ముందే చెప్పొచ్చు కదా అన్నాను. "చెబితే తిప్పేదానివా?" అన్నాడు. తిప్పేదాన్ని కాదు.

ఈ పనిముట్టుతో ఇంకా ఏమి రాదో కూడా చెప్పాలి. పేలుడు ఎంత వేగంతో విస్తరిస్తోందో గీత వెడల్పును బట్టి కొలుస్తారు. సెకనుకు 1000 కిలోమీటర్ల వేగమంటే ఆల్ఫా దగ్గర 22 ఆంగ్‌స్ట్రాములు, నాకు రెండు పిక్సెళ్ళకు కాస్త ఎక్కువ. నా చుక్కే నాలుగు పిక్సెళ్ళ లావు. కాబట్టి వేగం జోలికి పోలేదు. నాకు చేతనైంది, రెండు రాత్రులకు మధ్య చుట్టూ ఉన్న వెలుగుతో పోలిస్తే ఆల్ఫా ఎంత ఎత్తు పెరిగిందో చూడటం. పెరిగింది. మొదటి రాత్రి పూస, రెండో రాత్రి గోలీ.

జూలై 6న రెండు వర్ణపటాలనూ ఔత్సాహికుల పరిశీలనలు భద్రపరిచే ఒక అంతర్జాతీయ భాండాగారానికి పంపాను. ఫొటో పంపితే చాలదు. దస్త్రం తలకట్టులో పనిముట్టు, ఎక్స్‌పోజరు, అక్షాంశ రేఖాంశాలు, విశ్వకాలం (ప్రపంచమంతా ఒకటిగా వాడే గ్రీనిచ్ సమయం) అన్నీ నింపాలి. మూడు రోజులకు మర్యాదగా జవాబు వచ్చింది: మీరు రాసిన సమయానికి ఆ నక్షత్రం మీ ఊళ్ళో దిగంతం కింద ఉండాలే? ఒక్క క్షణం గుండె ఆగింది. చూస్తే, రాత్రి 8:25 అని మన గడియారపు సమయాన్నే విశ్వకాలం గడిలో వేశాను. అయిదున్నర గంటలు తీసేసి 14:55 అని రాయాలి. ఇరవై ఏళ్ళుగా లెక్కలు రాస్తున్న మనిషిని! దిద్ది 10న పంపాను, 14న తీసుకున్నారు. రుసుము ఏమీ లేదు. పట్టికలో తేదీ, సమయం, నా పేరుకు పొట్టి గుర్తు, ఒక పటం, అంతే ఉంటుంది. వదినకు చూపిస్తే "దీనికా దీపం ఆర్పించావు?" అంది. మర్నాడు వాళ్ళ అమ్మాయిని పంపి అదే పటం మళ్ళీ చూపించమంది.

అప్పటికి నోవా మసకబారుతోంది. చీకటి పడేసరికే సరిగ్గా దక్షిణాన్ని దాటి చెట్టు వైపు వాలుతోంది. గ్రేటింగు తుడిచి బియ్యం డబ్బాలో పెట్టేశాను, కొత్త బియ్యం పోసి.

మధ్యలో ఇంకొకటి జరిగింది. జూన్ 25న తెరచాప రాశిలో ఇంకో నోవా దొరికింది. పదిహేను రోజులు తిరక్కుండా వట్టి కంటికి అందే నోవాలు రెండు, మామూలు సంగతి కాదు. సాయంత్రం నైరుతిలో బాగా కిందుగా ఉంది. పెరట్లో ప్రతి మూలా నిలబడి చూశాను, ఆఖరికి స్టూలెక్కి కూడా చూశాను. సరిగ్గా ఆ దారిలోనే మూడో కొబ్బరి చెట్టు ఉంది. అమ్మ దాని కింద కూర్చుని బియ్యం ఏరుతూ, నేను చెట్టును చూస్తున్న తీరు కనిపెట్టి, "ఆ చూపు నాకు తెలుసు, చెట్టు జోలికి వెళ్ళావంటే ఊరుకోను" అంది.